ముదరని సాక్ష్యం

ఇంకా రెండు నెలల మాత్రలు మిగిలి ఉండగానే ఇది రాస్తున్నాను. అన్నీ అయిపోయాక రాయమని మా ఆయన అన్నాడు. పూర్తి కాకుండానే పూర్తయిందని చెప్పి ఒకసారి ఎంత గొడవ తెచ్చుకున్నానో ఆయనకు తెలుసు. కానీ ఈసారి నేను తగ్గిందని రాయడం లేదు, ఏం జరిగిందో మాత్రమే రాస్తున్నాను. దగ్గు వస్తుంటే కొంగు అడ్డం పెట్టుకుని దాచుకునే వాళ్ళు ఎవరైనా చదివితే మంచిది.

ముందే ఒక మాట చెప్పాలి. నాకు అనుమానం ఎక్కువ. పుట్టుకతో వచ్చిందో, మామిడికాయల మధ్య బతికినందుకు వచ్చిందో తెలియదు. ఆగిరిపల్లి దగ్గర మాకు తోట ఉంది. చిన్నరసాలు, బంగినపల్లి, ఓ పక్కన కొన్ని కలెక్టరు కాయ చెట్లు. పాతికేళ్ళుగా షెడ్డులో కాయ ఏరే పని నాదే. కాయ చేతిలోకి రాగానే తొడిమ దగ్గర చూస్తాను, వాసన చూస్తాను, బుగ్గ నొక్కి చూస్తాను. పైకి ఎంత నిగనిగలాడుతుంటే నాకు అంత అనుమానం. కోడలు మనుషుల్ని కూడా నొక్కి చూస్తుందని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆవిడ చెప్పేవాటిలో నేను ఒప్పుకునేది అదొక్కటే.

ఎనిమిదేళ్ళ కిందట నేను ప్రభువును నమ్ముకున్నాను. పక్క ఊళ్ళో ఉన్న చిన్న మందిరానికి మొదటిసారి వెళ్ళింది కూడా అనుమానంతోనే. మా తోటలో పనిచేసేవాళ్ళు ఆదివారం వచ్చేసరికి తెల్లచీరలు కట్టుకుని ఎక్కడికి పోతున్నారు, అక్కడ వీళ్ళ చేత ఏం చేయిస్తున్నారు అని చూడటానికి వెళ్ళాను. ఆరోజు పాస్టరు గారు ప్రార్థనలో తన తప్పులు తానే చెప్పుకుంటున్నారు. ముందురోజు ఇంట్లో ఆడమనిషి మీద అరిచిన సంగతి కూడా చెప్పుకున్నారు. దేవుడి ముందు నేను అప్పటిదాకా కావలసినవి అడిగానే తప్ప నేనేంటో ఎప్పుడూ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి గడివేసుకుని చాలాసేపు ఏడ్చాను. ఏడాది తిరిగేసరికి కాలువలో బాప్తిస్మం తీసుకున్నాను. ఇంట్లో నెలరోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు.

నా రక్షణకు మా ఇంట్లోవాళ్ళకి నేను చూపించగలిగిన రుజువు ఒక్కటే. మామిడి పెట్టెల్లో అడుగున చిన్న కాయ, మచ్చ కాయ వేసి పైన మంచి కాయ పేర్చడం మా వైపు మామూలే. దాన్ని మోసమని ఎవరూ అనరు, సర్దడం అంటారు. నేనూ పద్దెనిమిదేళ్ళు బ్రహ్మాండంగా సర్దాను. బాప్తిస్మం తర్వాత మానేశాను. మా ఆయన మొదట తిట్టాడు. రెండు కాపులయ్యేసరికి నూజివీడు మార్కెట్లో మా పెట్టెలు కుమ్మరించి చూడటం మానేశారు. "ఏ దేవుడైతేనేం, అడుగు కాయ బాగుంది" అంది మా అత్తగారు. అప్పటినుంచి మా ఇంట్లో నా మాటకు ఒక విలువ వచ్చింది. నేను చెప్పానంటే అది నిజమే అనుకునేవారు. ఇది గుర్తుపెట్టుకోండి.

డిసెంబరులో పూత మొదలయ్యే రోజుల్లో దగ్గు పట్టుకుంది. పూత మీద మందు కొడుతున్నారు కదా, ఆ ఘాటు అనుకున్నాను. మూడు వారాలైనా తగ్గలేదు. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడేది, జాకెట్లు వదులయ్యాయి. అప్పటినుంచి నాకు ఇదెవరి దగ్గర నుంచి వచ్చిందా అన్నదే ధ్యాస. బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన మొదలు మా ఆడపడుచు దాకా అందరినీ అనుమానించి చివరికి సువార్తమ్మ దగ్గర ఆగాను.

సువార్తమ్మ మా తోటలో కోతకూ ఏరివేతకూ వచ్చే మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. భర్త లేడు, కూతురికి పెళ్ళయి వెళ్ళిపోయింది. చదువు రాదు కానీ పాటలన్నీ నోటికి వచ్చు. మందిరంలో ఎనిమిదేళ్ళుగా నా పక్కన చాప మీద కూర్చునేది ఆవిడే. సన్నగా ఉంటుంది. నా దగ్గర ఉన్న ఆధారం అదొక్కటే. అది చాలని, వరసగా రెండు ఆదివారాలు నేను జరిగి గోడవారగా కూర్చున్నాను. మూడో ఆదివారం ఆవిడ కూడా నాతోపాటు జరిగింది. "గోడకానుకుంటే నడుం బాగుంటదమ్మా" అంది.

జనవరిలో మా ఆయన బండి మీద నూజివీడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, ఆరుబయట దూరంగా నిలబడి దగ్గి కళ్ళె తెమ్మన్నారు. నాతోపాటు ఇంకో నలుగురు డబ్బాలు పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డారు. ఎవరి మొహం ఎవరూ చూడటం లేదు. మార్కెట్ వాళ్ళెవరైనా చూస్తారేమోనని నేను కొంగు ముక్కు దాకా లాక్కున్నాను. మా ఆయన లోపలికి రాకుండా టీ కొట్టు దగ్గరే ఉండిపోయాడు. నాతో కనిపించడానికి సిగ్గుపడుతున్నాడనుకున్నాను. గంట తర్వాత రెండు ఉడకబెట్టిన గుడ్లు కాగితంలో చుట్టుకొచ్చాడు. "దీనికి గుడ్లు పెట్టాలంట. టీ కొట్టాయన వాళ్ళ నాన్నకి వచ్చి తగ్గిందంట" అన్నాడు. గంటసేపు ఆ సంగతే కనుక్కుంటూ ఉన్నాడన్నమాట.

డాక్టరమ్మ చిన్నపిల్ల. పేరు చదివి, నా వంక చూసి, "టీబీ అండి. ఆరు నెలలు మాత్రలు వేసుకోవాలి. మధ్యలో బాగానే ఉన్నట్టుంటుంది. అప్పుడే మానేస్తారు చాలామంది. మీరు మానొద్దు" అంది. నేను తల ఊపాను. నాకు వినిపించింది మొదటి మాటే.

ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అనకుండానే అన్నీ మారిపోయాయి. మా తోటికోడలు రమణ మర్నాడే పాపను తీసుకుని చాట్రాయిలో పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదట. ఆవిడకి ముందురోజే ఫోన్ చేస్తే గోంగూర పచ్చడి నూరుతోంది. మా అత్తగారు నా గ్లాసు, కంచం తీసి వేరే గూట్లో పెట్టింది. "కడగడం తేలికని" అంది. నేను నవ్వాను. గదిలోకి వెళ్ళాక మాత్రం నవ్వు రాలేదు.

నిజం చెప్పాలంటే చావంటే భయం వేసింది. అంతకంటే, రక్షణ పొందినదాన్ని నాకు భయమెందుకు వేస్తోందని ఇంకా భయం వేసింది. ఎనిమిదేళ్ళుగా నిత్యజీవం గురించి పాటలు పాడుతున్నదాన్ని. తీరా నిజంగా చావు గుర్తొచ్చేసరికి ఆ పాట ఒక్కటీ నోటికి రావడం లేదు. అయితే నా నమ్మకం కూడా అడుగున మచ్చ కాయ పెట్టిన పెట్టేనా అనిపించింది. ఎవరిని అడగను? పాస్టరు గారిని అడిగితే నాకు విశ్వాసం లేదంటారు, మా ఆయన్ని అడిగితే అందుకే వద్దన్నానంటాడు. ఎవరినీ అడగలేదు.

ఆ నెలాఖరున పాస్టరు గారు ఆరుగురు ఆడవాళ్ళతో ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. అందులోనూ నాకు అనుమానమే. ఆ మందిరంలో మాలాంటి ఇంటి నుంచి వచ్చింది నేనొక్కదాన్నే. నాకు తగ్గితే అది ఎంత పెద్ద సాక్ష్యమో ఆయనకు తెలుసు. ఆయన ప్రార్థిస్తుంటే ఒక కన్ను తెరిచి చూశాను. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. అది నా కోసమో, సాక్ష్యం కోసమో తేల్చుకోలేకపోయాను. వాళ్ళు లేవబోతుండగా నేనే అన్నాను. "అయ్యగారూ, మొదటి కోత నాటికి ఈ దగ్గు తగ్గితే మొదటి బుట్టతో వచ్చి సాక్ష్యం చెబుతాను."

మా మందిరంలో అదొక ఆనవాయితీ. కోత మొదలైన ఆదివారం తోటలున్నవాళ్ళు, తోటల్లో పనిచేసేవాళ్ళు మొదటి కాయల బుట్ట తెచ్చి ముందు పెడతారు. ఆ ఏడు మేలు పొందినవాళ్ళు బుట్ట పక్కన నిలబడి సాక్ష్యం చెబుతారు. నన్నెవరూ గడువు అడగలేదు. రోగానికి గడువు పెట్టింది నేనే.

ఆశా కార్యకర్త లక్ష్మి నెలనెలా స్కూటీ మీద మాత్రలు తెచ్చేది. గేటు దగ్గర నుంచే "వేసుకుంటున్నారా అండీ?" అని అరిచేది. వీధంతా వినాలనే అరుస్తోందని నా అనుమానం. వేసుకున్నాను. మొదట్లో ఒంటేలు నారింజరంగులో వస్తే ప్రాణం పోయిందనుకున్నాను. అది మందు రంగేనని లక్ష్మి చెప్పేదాకా రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఏడ్చాను. మార్చికి జ్వరం పోయింది. పిందెలు నిమ్మకాయంత అయ్యేసరికి దగ్గూ పోయింది. అన్నం రుచి తెలిసింది.

ఏప్రిల్లో మొదటి కోత. అప్పటికి నేను వేసుకున్నది మూడు నెలల మందు. ఇంకా మూడు నెలలుంది.

ఆ ఆదివారం బుట్ట నెత్తిన పెట్టుకుని మందిరానికి వెళ్ళాను. చెప్పాలనుకున్నది దారంతా మనసులో అనుకుంటూనే ఉన్నాను. మందులు వాడుతున్నాను, దగ్గు తగ్గింది, ఇంకా వాడాలి, ప్రభువుకు స్తోత్రం. అంతే. కానీ నాకంటే ముందు ఒకాయన లేచి, లారీ కింద పడబోయి ఎలా తప్పించుకున్నాడో చెప్పాడు. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. తర్వాత నా వంతు. వంద మొహాలు నా వైపు తిరిగాయి. మందుల మాట చెప్తే, అయితే మందులతోనే తగ్గిందిగా అనుకుంటారని అనుమానం వచ్చింది. ఆ అనుమానంతోనే నోరు తెరిచాను.

"ప్రభువు నన్ను ముట్టాడు. నాకిప్పుడు ఏ రోగమూ లేదు" అన్నాను.

చప్పట్లు, హల్లెలూయలు. పాస్టరమ్మ గారు వచ్చి కావలించుకుంది. దాచడమెందుకు, బాగుంది. నాలుగు నెలలుగా నా దగ్గరకు వస్తే ముక్కుకు కొంగు పెట్టుకున్నవాళ్ళు చేతులు పట్టుకుంటుంటే చాలా బాగుంది.

తొందరపడి ధర కోసం టెంక ముదరని కాయ కోసి, కార్బైడు పొడి పెట్టి మాగేస్తారు మా వైపు కొందరు. పైన పసుపు వస్తుంది, కోస్తే లోపల తెల్లగా పుల్లగా ఉంటుంది. అలాంటి కాయను నేను పది అడుగుల దూరం నుంచి పట్టేస్తాను. ఆరోజు నన్ను నేను పట్టుకోలేదు.

తర్వాత జరిగింది చాలా చిన్నగా జరిగింది. లక్ష్మి స్కూటీ మా గేటు ముందు ఆగితే, అదేంటి, ఈవిడకి తగ్గిందన్నారుగా అని చూసేవాళ్ళు అనుకుంటారని భయం. నూజివీడులో మా చెల్లెలి ఇంట్లో ఉండి అక్కడే మందులు తీసుకుంటానని లక్ష్మికి చెప్పాను. అది రెండో అబద్ధం. మొదటిదాని కంటే తేలిగ్గా వచ్చింది. ఇంట్లో మాత్రం మందులు అయిపోయాయన్నాను. ఇంట్లో మిగిలిన మాత్రలు కొన్నాళ్ళు చాటుగా వేసుకున్నాను. కోత హడావుడిలో ఒకరోజు మర్చిపోయాను. రెండోరోజు గుర్తొచ్చినా వేసుకోలేదు. మూడోరోజుకి దానికో పేరు కూడా దొరికింది. స్వస్థపడ్డానని చెప్పాక మాత్ర వేసుకుంటే అవిశ్వాసం కదా!

ఇది గట్టిగా రాయాలి. మందులు మానమని నాకు ఎవరూ చెప్పలేదు. పాస్టరు గారు చెప్పలేదు, సంఘం చెప్పలేదు, వాక్యంలోనూ లేదు. ఊళ్ళో అందరినీ అనుమానించినదాన్ని, ఈ ఒక్క ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం అనుమానించలేదు.

జూన్ ఆఖరుకు వానలు పడ్డాయి. కలెక్టరు కాయ చివరి లోడు రసం ఫ్యాక్టరీకి వెళ్ళిన మర్నాడు, పెరట్లో మొహం కడుక్కుంటుంటే దగ్గు వచ్చింది. తూము దగ్గర ఎర్రగా పడింది. నీళ్ళు పోసేద్దామని చెంబు ఎత్తేలోపు మా ఆయన వెనక నిలబడి ఉన్నాడు.

"తగ్గిందన్నావు కదే" అన్నాడు.

చెంబు కింద పెట్టేశాను.

"మందులు అయిపోయాయన్నావు. నిన్ను ఒక్కసారి కూడా అడగలా నేను. ఎందుకో తెలుసా? నువ్వు అబద్ధం చెప్పవని. మీ దేవుణ్ణి నేను నమ్మలా, నిన్ను నమ్మా."

తిట్టినా బాగుండేది. ఏడేళ్ళ నుంచి పెట్టె అడుగున మంచి కాయ పెట్టి నేను సంపాదించుకున్నదంతా ఆ తూములోంచి పోయిందనిపించింది. అప్పుడు నేను చావు గురించి భయపడలేదు. ఈయన ముందు ఇక ఎప్పుడూ ప్రభువు పేరు ఎత్తలేనేమోనని భయపడ్డాను.

మళ్ళీ అదే ఆసుపత్రి, అదే డబ్బా, అదే గోడ. డాక్టరమ్మ తిట్టలేదు. పాత మందులు ఇంకా పనిచేస్తాయో లేదో చూడాలి, ఆ పరీక్ష ఫలితం రావడానికి కొన్నాళ్ళు పడుతుంది అంది. మాస్కు ఇచ్చింది. పెన్ను తీసి, "ఈ మధ్య మీ దగ్గరగా ఎక్కువసేపు కూర్చున్నవాళ్ళు ఎవరెవరండీ? వాళ్ళనీ చూడాలి" అంది.

మా ఆయన పేరు చెప్పాను. అత్తగారు, మరిది, ఏప్రిల్లో పుట్టింటి నుంచి తిరిగొచ్చిన రమణ, పాప. అక్కడ ఆగాను. మే నెలంతా తగ్గిందన్న ధైర్యంతో మందిరంలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని గొంతెత్తి పాడాను. వాళ్ళ ఇళ్ళల్లో ముసలివాళ్ళు, పసిపిల్లలు. వాళ్ళ పేర్లు చెప్పాలంటే వాళ్ళకి సంగతి చెప్పాలి. సంగతి చెప్పాలంటే సాక్ష్యం వెనక్కి తీసుకోవాలి. మా మందిరంలో సాక్ష్యం చెప్పినవాళ్ళున్నారు కానీ వెనక్కి తీసుకున్నవాళ్ళు లేరు.

మర్నాడు పాస్టరు గారిని మా గేటు దగ్గరకు పిలిపించాను. మాస్కు పెట్టుకుని దూరంగా నిలబడి మొత్తం చెప్పాను.

"అందరి ముందూ చెప్పడం అవసరమా అమ్మా?" అన్నారు. "నేను ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాను. కొత్తగా వస్తున్నవాళ్ళున్నారు. తొట్రుపడతారు."

"అందరి ముందే కదా అయ్యగారూ చెప్పింది."

"నిజమే అనుకోండి..."

ఆయన బండి తిప్పుకుని వెళ్ళిపోతుంటే, ఈయన దాచమంటున్నాడు, నేను మొదటి నుంచీ అనుకున్నదే నిజమైంది అనుకున్నాను. అనుమానం నిజమైతే సంతోషం రావాలి కదా, రాలేదు.

ఆదివారం వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు. గుమ్మానికి ఇవతల, వానకి వేసిన రేకుల కింద నిలబడ్డాను. మైకు ఇవ్వబోతే వద్దన్నాను. తీరా మాట్లాడితే మాస్కులోంచి, ఆ నీరసంలో, నా గొంతు మొదటి వరసకు కూడా అందలేదు. పాస్టరు గారు లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "మీరు చెప్పండమ్మా, నేను అందరికీ వినపడేలా చెప్తాను" అన్నారు.

నాకు మళ్ళీ అనుమానం. ఈయన నా మాటల్ని నున్నగా చేసి చెబుతాడు, సర్దుతాడు. ఆ పని ఎలా చేస్తారో నాకు తెలియదా!

"ఏప్రిల్లో నేను బుట్ట పెట్టి సాక్ష్యం చెప్పాను" అన్నాను.

ఆయన అదే మాట చెప్పారు.

"నాకు ఏ రోగమూ లేదన్నాను. అది అబద్ధం."

ఆయన ఒక్క క్షణం ఆగారు. నేను వెనక నుంచి ఆయన మెడవైపే చూస్తున్నాను. "అది అబద్ధం అంటున్నారు" అని చెప్పి, మళ్ళీ ఆగి, "అది అబద్ధం" అని గట్టిగా చెప్పారు.

మిగతాదంతా అలాగే చెప్పారు. మందులు మానేశాను, మళ్ళీ వచ్చింది, నా పక్కన కూర్చున్నవాళ్ళు పరీక్ష చేయించుకోవాలి, నన్ను క్షమించండి. నా మాట ఒక్కటి మార్చలేదు. చివర్న తనది ఒకటి కలిపారు. "ఈ సాక్ష్యం నేను ఇంకో మూడు ఊళ్ళలో చెప్పాను. ఆ మూడు ఊళ్ళకీ వెళ్ళి ఇది కూడా చెప్పాలి. నా కోసం ప్రార్థన చేయండి." తర్వాత, "దగ్గు ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నారు.

ఒక్క చెయ్యి లేవలేదు. ఒకరినొకరు ఓరగా చూసుకుంటున్నారు. నా పక్కన కూర్చున్నది ఎవరు, నీ పక్కన కూర్చున్నది ఎవరు అని లెక్కలు వేసుకుంటున్నారు. మా చాప ఖాళీగా ఉంది. సువార్తమ్మ ఆరోజు రాలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో ఆవిడ ఇల్లు. గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయి దగ్గింది. కొంగు నోట్లో కుక్కుకుని మళ్ళీ దగ్గింది. నేను నిలబడిన చోటే ఆగిపోయాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఐదారు వారాల్నుంచమ్మా."

"ఆసుపత్రికి వెళ్ళలేదా?"

"ఎందుకమ్మా? మీకు ప్రార్థనతోనే తగ్గింది గదా. నేనూ ప్రార్థన చేసుకుంటన్నా. మీ అంత విశ్వాసం లేదేమో, ఆలస్యమవుతంది."

మే నెలలో మా షెడ్డులో కాయ ఏరుతూ ఆవిడ గొంతు సవరించుకోవడం నేను విన్నాను. నాకు తగ్గిపోయింది కనుక ఇక ఎవరినీ అనుమానించే పని లేదని పట్టించుకోలేదు. అవసరం లేనప్పుడు అనుమానించి దూరం జరిగాను. కావలసినప్పుడు ఊరుకున్నాను.

అక్కడే, ఆవిడ వాకిట్లో దూరంగా నిలబడి, మందిరంలో చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. ఈసారి మధ్యలో ఎవరూ లేరు.

మర్నాడు ఆటోలో ఇద్దరం నూజివీడు వెళ్ళాం. ఇద్దరికీ మాస్కులు, ఆటో తెరలు రెండు వైపులా పైకి కట్టించాను. ఆసుపత్రిలో సువార్తమ్మ డబ్బా ఇచ్చి వచ్చి, వేపచెట్టు కింద బెంచీకి ఆ చివర కూర్చుంది, నేను ఈ చివర. నా వైపు తిరిగింది.

"ఒకటడుగుతా, ఏమనుకోకండి."

"అడుగు."

"ఆరోజు బుట్ట పెట్టి చెప్పింది అబద్ధమన్నారు. మరి రక్షణ సంగతేంటమ్మా? ఎనిమిదేళ్ళ నుంచి చెప్తన్నారే, పాపాలు పోయినాయి, ప్రభువు కొనుక్కున్నాడు అని. అదీ ఇలాంటిదేనా?"

పాస్టరు గారైతే వాక్యం చెప్పేవారు. "అది నేను సంపాదించింది కాదు సువార్తమ్మా, ఆయన ఇచ్చింది. అబద్ధం చెప్పింది నేను. ఆయన కాదు" అన్నాను.

"మీకెట్టా తెలుసు?"

"నిన్న గుమ్మం దగ్గర నిలబడ్డాను కదా. నా అంతట నేనైతే నిలబడేదాన్ని కాదు. నా సంగతి నాకు తెలుసు. చివరిదాకా దాచేదాన్ని."

ఆవిడ నా వంక తేరిపార చూసింది. పాతికేళ్ళుగా నేను కాయల్ని చూసే చూపు అది.

"చూద్దాంలెండి" అంది.

ఆవిడకీ టీబీయే. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పలేమంది డాక్టరమ్మ. నేను అడిగిన మూడుసార్లూ అదే చెప్పింది. నాకు పాత మందులే పనిచేస్తాయని తేలింది. మళ్ళీ మొదటి మాత్ర నుంచి ఆరు నెలలు. ఇంట్లో ఎవరికీ లేదు, పాపకు కూడా లేదు. ఆ ఫలితం వచ్చిన రోజు మా ఆయన షెడ్డు వెనక నిలబడి మొహం తుడుచుకోవడం చూశాను. ఆయన నన్ను నమ్ముతున్నాడా అంటే, ఇంకా పూర్తిగా లేదు. మాత్రల అట్ట తీసి ఖాళీ గుంతలు లెక్కపెడతాడు. మందిరంలో ఇద్దరు రావడం మానేశారు. ఏడుగురు పరీక్షకు వెళ్ళారు. పాస్టరు గారు మూడు ఊళ్ళకూ వెళ్ళారని విన్నాను. నిజమా అని ఒక ఊళ్ళో ఉన్న మా దూరపు బంధువుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. నిజమే.

మందులు మొదలుపెట్టిన వారంలోనే సువార్తమ్మను పిలిచి, "నువ్వు రోజూ పొద్దున్నే వచ్చి నా ముందు మాత్రలు వేసుకో. మర్చిపోతావు" అన్నాను.

"వస్తా. మరి మీవెవరు చూస్తారు?"

"నేను వేసుకుంటాలే."

"అప్పుడూ వేసుకుంటాననే గదమ్మా అన్నారు" అంది.

అలా మొదలైంది. ఎండైనా వానైనా పొద్దున ఏడింటికల్లా ఆవిడ మా గేటు తీసుకుని వస్తుంది. పెరట్లో కుళాయి దగ్గర చెరో చెంబు నీళ్ళు పెట్టుకుని నిలబడతాం. ఒక చిన్న ప్రార్థన చేసుకుంటాం, రోజుకొకరు. ముందు ఆవిడ వేసుకుంటుంది, నేను చూస్తాను. తర్వాత నేను వేసుకుంటాను. మింగానంటే ఊరుకోదు. నోరు తెరవమంటుంది. మొదటిరోజు మా అత్తగారు వసారాలోంచి చూసి, "ఏంటే, మన తోటలో పనిచేసే మనిషి నీ నోరు చూడటమేంటి?" అంది. సువార్తమ్మ వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఈవేళా వచ్చింది. నేను మాత్రలు వేసుకుని, నీళ్ళు తాగి, నోరు తెరిచాను. ఆవిడ ముందుకు వంగి ఇటూ అటూ చూసింది.

"నాలిక కూడా ఎత్తండమ్మా" అంది.

ఎత్తాను.